ఆల్ప్స్ కొండ మీద తిరుపతి మొక్కు

సింగపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుగా సాగిన ఆ రోజుల్లో సెలవు అడగడమంటే మేనేజరు ఆస్తిలో వాటా అడిగినట్టే ఉండేది. మా ఆయన మేనేజరు హైదరాబాదు ముస్లిం. ఆఫీసంతా ఆయన్ని భాయ్ అని పిలిచేది. విహారయాత్ర అంటే భాయ్ మొహం చిట్లించేవాడు కానీ, దేవుడి పనంటే మాత్రం కాదనేవాడు కాదు. కొత్తగా పెళ్లయిన మేము ఆల్ప్స్ కొండల్లో ఓ పల్లెకు టికెట్లు కొనేసుకుని కూర్చున్నాం (టికెట్లు ముందు, సెలవు తర్వాత, ఆ వయసు అలాంటిది). చివరికి మా ఆయన తిరుపతి మొక్కు ఉందని చెప్పారు. భాయ్ వెంటనే వెళ్లి రమ్మన్నాడు.

సింగపూర్‌లోని మా సెంబవాంగ్ ఫ్లాట్‌లో పక్కింటివాళ్ల తాలింపు చప్పుడు కూడా వినే మాకు, ఆ పల్లె నిశ్శబ్దం చెవుల్లో దూది పెట్టినట్టుండేది. మర్నాడు పొద్దున్నే కొండదారి పట్టాం. ఎదురుగా మంచు శిఖరాలు, పచ్చిక నిండా ఆవులు, వాటి మెడల్లో చెంబులంతేసి గంటలు. నేను ఫొటోకు సర్దుకుని నిలబడేసరికి మా ఆయన ఫోను మోగింది. భాయ్. ఆయన గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది. సర్వరు సంగతేదో అడిగి, "గంటలు మోగుతున్నయ్. గుడిలనే ఉన్నవా?" అన్నాడు. మా ఆయన అవునన్నారు. ఇంతలో ఓ ఆవు అంబా అంది. పక్కనే గోశాల ఉందని కూడా చేర్చారు. అక్కడితో ఆగినా బాగుండేది. భాయ్ గొంతు తగ్గించి, "రేపు మా అమ్మీకి కంటి ఆపరేషన్. మీ దేవునికి జర చెప్పు" అన్నాడు.

మా ఆయన గడ్డి మీద కూలబడ్డారు. శిఖరాలవైపు చూడరు, ఇచ్చిన బిస్కట్టు ముట్టరు. "సరదాకి అన్న మాట పోయి పోయి ఆవిడ కళ్ల మీదికొచ్చిందే" అన్నారు. ఎవరో దారినపోయేవాళ్లు మా ఇద్దరికీ ఫొటో తీసినా ఆ మొహం మారలేదు. దిగి వస్తుంటే పల్లె చివర చిన్న చర్చి కనిపించింది. నన్ను లోపలికి లాక్కెళ్లి, కొవ్వొత్తి వెలిగించి, అక్కడేం చదవాలో తెలియక గోవిందా గోవిందా అని గొణిగారు. ఊడుస్తున్న ముసలావిడ చీపురు ఆపి, ఆయన ముగించేదాకా తల వంచుకుని నిలబడింది. నవ్వాపుకోలేక నేను బయటికి పరిగెత్తాను.

తిరిగొచ్చాక భాయ్ ప్రసాదం అడిగాడట. ఉద్యోగం పోతే ఆ దేశంలో ఉండనిచ్చే వర్క్ పాసూ పోతుందని తెలిసీ మా ఆయన ఉన్నదున్నట్టు చెప్పేశారు. భాయ్ ఒక్కటే అడిగాడట.

"మొక్కినవా, లేదా?"

"మొక్కాను భాయ్. కాకపోతే చర్చిలో."

"అమ్మీకి ఇప్పుడు మంచిగ కనిపిస్తుంది. ఈ నెల శనివారాలన్నీ నువ్వే రా."

సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన మా అమ్మాయి అప్పుడప్పుడు ఆ ఫొటో తీసి, ఇక్కడి యాసలో "వై డాడీ లుక్ సో స్కేర్డ్ లా?" అంటుంది. "కొండ ఎత్తు చూసి" అంటాను. ఎండలో మెరుస్తున్న శిఖరాలన్నీ ఆ కుర్రాడి వెనకే ఉన్నాయి, వాటిని చూసే తీరికే లేదు పాపం. పక్కన, వదులు కోటు చేతులు పైకి మడుచుకున్న ఆ పిల్ల మాత్రం, కొండలన్నీ పుట్టింటివాళ్లు రాసిచ్చినట్టు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది.