హుస్సేన్ మామ వెనక సీటు

పొద్దున గ్రైండింగ్ చక్రం ఒక పాత కారు ఛాసిస్‌ను తాకగానే కాలిన తుప్పు వాసన గుప్పుమంది. మంచి ఇనుము కాలితే వచ్చే వాసన వేరు. తుప్పుది గొంతులో పట్టుకుంటుంది. ఇన్నేళ్లుగా ఇదే పనిలో ఉన్నా ఆ వాసన తగిలితే నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. హుస్సేన్ మామ వెనక నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది.

గిద్దలూరులో నంద్యాల రోడ్డు మీద ఆయనది కమాను పట్టీల షెడ్డు. బండి వెనక బరువంతా మోసేది ఆ ఉక్కు పట్టీలే. వరసకు ఏమీ కాకపోయినా నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. అక్కడ పనికి చేరిన కొత్తలో నాకేమో వెల్డింగ్ సర్టిఫికెట్ ఉందని కాస్త పొగరు. ఆయనకొక పద్ధతి ఉండేది. బండి అప్పగించే ముందు, ఆ పని చేసినవాడి ఇంటి మనిషిని వెనక సీట్లో కూర్చోబెట్టి ఘాట్‌రోడ్డులో తిప్పుకొచ్చేవాడు. ఆయన పని చేసిన ప్రతి బండీ ఆయన భార్య ఎక్కి దిగిందే. "సాయిబు భార్యకు వారానికో కారు" అని ఊళ్లో నవ్వేవాళ్లు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను.

ఒకసారి రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన తన తండ్రి నాటి అంబాసిడర్ తెచ్చారు. "మనవళ్లను తీసుకొని శ్రీశైలం పోవాల సాయిబూ. వెనక నలుగురు కూచుంటే టైరు రాసుకుంటాంది" అన్నారు. ఆ కారుకు సరిపోయే పట్టీలు ఎక్కడా దొరకలేదు. దొరికినవి నాలుగు వేళ్లు పొడుగు. పట్టీల వెనక కొసను పట్టుకునే బ్రాకెట్లను కోసి, ఛాసిస్ మీద అంత మేర వెనక్కి జరిపి మళ్లీ వెల్డింగ్ చేయాలి. మామ కొలతలు గీసిచ్చి, పని నాకు వదిలి పొదిలికి వెళ్లాడు. ఎడమవైపు సవ్యంగానే కుదిరింది. కుడివైపు, బ్రాకెట్ కూర్చోవలసిన చోటనే, ఛాసిస్‌ను తుప్పు తినేసింది. అది కోసి కొత్త రేకు అతకాలంటే ఇంకో రోజు పడుతుంది. మామ వచ్చేలోగా ముగించి శభాష్ అనిపించుకోవాలని నా ఆరాటం. తుప్పు మీదే వెల్డింగ్ లాగించి నల్లరంగు కొట్టేశాను.

మామ వచ్చి రెండు వైపులా తడిమి చూశాడు. "బాగొచ్చింది అల్లుడా. మీ అమ్మను పిలిపించు" అన్నాడు.

అమ్మ కొమరోలు నుంచి బస్సులో వచ్చింది. కూలికి పోయే మనిషి, కారెక్కడం అదే మొదలు. ఉతికిన చీర కట్టుకుంది. కారు దగ్గర చెప్పులు విడిచి, "నా బిడ్డే చేసినాడా అన్నా?" అని అడిగింది.

"నీ కొడుకే చేసినాడు చెల్లెమ్మా, ఎక్కు."

ఆమె ఒక కాలు లోపల పెట్టింది. నేను తలుపుకు అడ్డం వెళ్లాను.

"అమ్మను ఎక్కించొద్దు మామా. కుడిపక్క తుప్పు మీదనే అతికించినా."

ఆయన తిట్టలేదు. "మీ అమ్మ కాలు పెడితే నీకు నోరొచ్చింది. అయ్యవారి మనవళ్లు కాలు పెట్టుంటే?" అన్నాడు. ఆ సిగ్గు నాకిప్పటికీ తగ్గలేదు. హెడ్మాస్టరు గారితో మాత్రం "మా షెడ్డులో తప్పు జరిగింది, ఇంకో రెండు దినాలు పడుతుంది" అన్నాడు, నా పేరెత్తలేదు. ఆ రెండు రోజులూ అమ్మను తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. నేను చేసినదంతా నా చేతనే కోయించి, మళ్లీ నా చేతనే చేయించాడు. మూడో రోజు అమ్మ ఘాట్ ఎక్కి దిగింది.

చాలా ఏళ్ల తర్వాత, షెడ్డు నా చేతికి వచ్చాక, ఒక పాత కారుకు అదే పని ఒంటరిగా చేశాను. వెనక కూర్చోబెట్టడానికి ఆ రోజు మా ఇంట్లో ఎవరూ లేరు. మామ కర్ర పట్టుకొని వచ్చి వెనక తలుపు తీశాడు. అప్పటికే ఒళ్లు బాగా కుంగిపోయింది.

"నీకు కుదుపులు పడవు మామా" అన్నాను.

"ఏం, నేను మీ ఇంటి మనిషిని కానా?"

బోల్టు కిర్రుమన్నా పసిగట్టే మనిషి. ఏమంటాడోనని ఘాట్‌రోడ్డు మూడో మలుపులో భయంగా అద్దంలోకి చూశాను. తల పక్కకు వాల్చి, నోరు తెరుచుకొని హాయిగా నిద్రపోతున్నాడు.

ఆ ఏడు వానాకాలం రాకముందే పోయాడు. ఈరోజు తుప్పంతా కోసి పారేశాను. రేపు కొత్త రేకు అతికాక, సాయంత్రం మా అమ్మాయి వెనక సీట్లో కూర్చుంటుంది. మూడో మలుపులో నేను అద్దంలోకి చూస్తాను.