నల్ల డబ్బా, తెల్ల డబ్బా

మొన్న మహబూబ్‌నగర్‌లో మా అక్క ఇంటికి వెళ్లినప్పుడు, ఆమె మనవడు కొత్తగా కొనుక్కున్న వీడియో గేమ్ అట్టపెట్టెను తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. దాని మీద రెండు బొమ్మలు భుజం భుజం ఆనించుకుని నవ్వుతున్నాయి. ఒకప్పుడు ఒకదాని పొడ ఒకదానికి గిట్టని బొమ్మలు అవి. ఒకటి ఒక జపాను కంపెనీది, రెండోది ఆ కంపెనీని ఓడించి తీరుతానని పంతం పట్టిన మరో కంపెనీది. ఇవి రెండూ ఒకే అట్ట మీదకు ఎట్లా వచ్చాయిరా అని అడిగితే, ఒక కంపెనీ మిషన్లు చేయడం ఎప్పుడో మానేసిందనీ, ఇప్పుడు తన ఆటల్ని పాత శత్రువు మిషన్ మీదే ఆడుకోమని అమ్ముకుంటోందనీ, ఏదో వాన కురిసిందని చెప్పినంత మామూలుగా చెప్పి వాడు వెళ్లిపోయాడు. నేను మాత్రం ఆ పెట్టెను దించలేక చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. తొంభైల మొదట్లో మన వైపు చిన్న బస్తీల్లో బతికిన నా ఈడు వాళ్లకు ఆ ఆశ్చర్యం ఎందుకో తెలియకపోదు.

అప్పుడు మేము కల్వకుర్తిలో ఉండేవాళ్లం. డిగ్రీ ముగించి బీఎడ్ సీటు కోసం ఎదురుచూస్తున్న నేను, ఇంట్లో ఊరికే ఎందుకని, మా బాపు తమ్ముడు, అంటే మా చిన్నాయిన, నడిపే వీడియో క్యాసెట్ల దుకాణంలో కూర్చునేదాన్ని. శ్రీశైలం పోయే రోడ్డు పక్కన, పల్లీల మార్కెట్‌కు దగ్గర్లో ఉండేది ఆ దుకాణం. రోడ్డుకు అవతల, సరిగ్గా మాకు ఎదురుగా, గడియారాల దుకాణం. దాని యజమానిని బస్తీ అంతా చాచా అనేది, మేమూ అంతే. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్య గుమ్మానికి ఆకుపచ్చ పరదా. చాచా కూతురూ నేనూ కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న వాళ్లం. చిన్నాయిన తెలుగు పేపరు చదివి చాచాకు చెప్పేవాడు, చాచా ఉర్దూ పేపరు చదివి చిన్నాయినకు చెప్పేవాడు, ఒకే చాయ్ తెప్పించుకుని ఒకరు కప్పులో, ఒకరు సాసరులో తాగేవారు. ఒకరు నమాజుకు పోతే, ఒకరు భోజనానికి పోతే, రెండో వారు రోడ్డు దాటి వెళ్లి గల్లా దగ్గర కూర్చునేవారు. అంతటి దోస్తానా.

కేబుల్ టీవీ వచ్చి క్యాసెట్ల గిరాకీ పడిపోతున్న రోజుల్లో చిన్నాయిన హైదరాబాద్ నుంచి వీడియో గేమ్ ఆడే ఒక తెల్ల డబ్బా తెచ్చాడు, ఆ మొదటి కంపెనీది. దానికి రెండు తీగలు, తీగల చివర అరచేతిలో పట్టేంత మీటలు. టీవీకి తగిలించి, ఆట క్యాసెట్టు పెట్టి, నా చేతికి ఒక మీట ఇచ్చి నొక్కమన్నాడు. నేను నొక్కాను. టీవీలో బొమ్మ ఎగిరింది. మళ్లీ నొక్కాను, మళ్లీ ఎగిరింది. అప్పటిదాకా టీవీ అంటే అది చూపించింది మనం చూడడమే, దానికి మన మాట వినే గుణం ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. నా వేలికీ ఆ వెలుగుకూ నడుమ ఏదో ప్రాణమున్న దారం ఉన్నట్టనిపించింది. ఆ రోజంతా చాచా తన దుకాణం వదిలేసి మా దగ్గరే నిలబడి, కళ్లద్దాలు తుడుచుకుంటూ, సుభానల్లా అనుకుంటూ ఉండిపోయాడు. మార్కెట్‌కు పల్లీలు తెచ్చిన రైతులు బండ్లు ఆపి వచ్చి చూసేవారు. పిల్లలకు అర్ధగంటకింత అని కిరాయి పెట్టాడు చిన్నాయిన. మూతపడబోయిన దుకాణం నిలబడింది.

గడియారాల సంగతి కూడా అట్లాగే ఉండేది. కీ ఇచ్చే గడియారాలు పోయి బ్యాటరీ సెల్లు గడియారాలు వచ్చాక బాగుచేయించుకునే వాళ్లే తగ్గిపోయారు. ఇంతలో చాచా బామ్మర్ది గల్ఫ్ నుంచి సెలవు మీద వస్తూ ఒక నల్ల డబ్బా తెచ్చాడు. అది రెండో కంపెనీది. దానిలో బొమ్మ ఎగరడం కాదు, గాలి లెక్క ఉరికేది. రంగులు కళ్లు మిరుమిట్లు గొలిపేవి, వెనక కొండలు ఒక వేగంతో, వాటి వెనక మబ్బులు ఇంకో వేగంతో జరిగిపోయేవి, రైలు కిటికీలోంచి చూసినట్టు. వారం తిరగకుండానే మా పిల్లలంతా రోడ్డు దాటేశారు. చిన్నాయిన గల్లా దగ్గర ఒంటరిగా కూర్చుని ఎదురు దుకాణంలోని గుంపును చూస్తూ, “నన్ను జూసి పెట్టిండు. నా పక్కన నిలబడి అంతా జూసి, నా మీదికే తెచ్చిండు,” అన్నాడు. ఆ రోజుతో కప్పూ సాసరూ విడిపోయాయి.

ఆ తర్వాత ఏడాది పాటు నడిచిన పంతం తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు నవ్వేటట్టు లేదు. చిన్నాయిన తెల్ల డబ్బా కంపెనీని మేనమామను వెనకేసుకొచ్చినట్టు వెనకేసుకొచ్చేవాడు, చాచా నల్ల డబ్బా వాళ్లను తన వియ్యంకుల లెక్క పొగిడేవాడు. ఆ కంపెనీల పేర్లు ఇద్దరికీ సరిగ్గా పలకనే రాదు. ఒకసారి మా కాలేజీ లెక్చరర్ ఒకాయన పాత ఇంగ్లీషు పత్రిక తెచ్చిస్తే నేను చదివి చెప్పాను, అమెరికాలో ఆ రెండు కంపెనీలూ ఒకదాన్ని ఒకటి ఎద్దేవా చేస్తూ టీవీల్లో ప్రకటనలు ఇచ్చుకుంటున్నాయని, ఇంట్లో ఏ డబ్బా ఉందో దాన్ని బట్టి బడిలో పిల్లలు జట్లు కడుతున్నారని. చిన్నాయిన ఆ పేజీని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. కల్వకుర్తి రోడ్డుకు ఈ పక్కనా ఆ పక్కనా జరుగుతున్నది సముద్రాల అవతల కూడా జరుగుతోందంటే ఆయనకు భయమూ గర్వమూ రెండూ కలిగినట్టున్నాయి. ఆ పత్రికను ఎవరో చాచాకు కూడా చూపించారు. ఆయన ముఖంలోనూ అదే వెలుగని ఆయన కూతురు చెప్పింది.

ఒకనాడు వెల్దండ వైపు నుంచి వచ్చిన ఒక ముసలి రైతు, మా దుకాణంలో చాలాసేపు నిలబడి చూసి, “గిది ఒడువదా బిడ్డా? గిట్లనే పోతనే ఉంటదా?” అని అడిగాడు. అప్పటిదాకా ఎవరమూ ఆ ఆట చివర చూడలేదు. ఏదో ఒక చోట బొమ్మకు ఇచ్చిన ప్రాణాలు అయిపోయేవి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాళ్లం. ఒడిసే ఆటేనని, దానికీ ఒక చివర ఉంటుందని చిన్నాయిన అన్నాడు. అయితే నాది ముందు ఒడిపించి చూపిస్తానని రోడ్డు అవతలి నుంచి చాచా అన్నాడు. మాట మీద మాట పెరిగి ఆదివారం నాడు పందెమని తేలింది. ఎవరి ఆట చివర ముందుగా జనం కళ్ల పడితే వాళ్ల డబ్బా గొప్పది, రెండో వాళ్లు డబ్బా మూసుకోవాలి. బతుకుదెరువుల మీద పెట్టుకున్న పందెం అది, ఇద్దరికీ తెలుసు.

చిన్నాయిన తానే ఆడతానన్నాడు. వేళ్లు కాయలు కాసేదాకా సాధన చేశాడు. చాచా తరఫున ఎవరు ఆడతారో బస్తీలో ఎవరికీ తెలియదు, నాకు తప్ప. పిల్లలు బడికి పోయిన వేళల్లో నల్ల డబ్బాను లోపలికి తెప్పించుకుని ఆడేది చాచా కూతురే. ఎవరూ నేర్పలేదు, ఎదుట ఏం రాబోతోందో రాకముందే ఆ వేళ్లకు తెలిసేది. ఆమె చేతుల్లో ఆ బొమ్మ ఉరకడం చూసినప్పుడల్లా నేను ఊపిరి తీయడం మరిచిపోయేదాన్ని. శనివారం నన్ను పిలిచి, “గంత మందిల కూసొని నేను ఆడలేనే. పరదా ఎనక కూసుంట. నువ్వు పక్కనుంటేనే,” అంది. నేను ఇంటికి వచ్చి చిన్నాయినతో ఉన్న మాట చెప్పాను. ఆయన నా వైపు చూడకుండానే, “నువ్వు గూడ రోడ్డు దాటినవా? సరే, పో. దోస్తుకు మాటిచ్చినంక తప్పద్దు,” అన్నాడు.

ఆదివారం మార్కెట్ జనమంతా రోడ్డు మీదే. బస్సులు హారన్లు కొట్టుకుంటూ నెమ్మదిగా పోయేవి. చాచా దుకాణంలో టీవీ పక్క గోడకు పెట్టి, కొంచెం జనం వైపు తిప్పి ఉంది. మీట తీగ మాత్రం నేల మీదుగా పోయి పరదా కింద నుంచి మా దగ్గరికి వచ్చింది. పరదా అంచు జానెడు పక్కకు లాగితే మాకు టీవీ ఒక వాలుగా కనిపించేది. బొమ్మ ఉరుకుతుంటే ఎవరు ఉరికిస్తున్నారో తెలియక జనం చాచాను చూసేవారు, చాచా చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఎదుటి దుకాణంలో చిన్నాయిన ఆట కూడా ఎప్పుడూ పోనంత దూరం పోయిందని కేకలు వినిపించాయి. కాసేపటికి అటు నుంచి పెద్దగా ఒక నిట్టూర్పు లేచింది. తెల్ల డబ్బాలో ఆఖరి కోట గుమ్మం దగ్గర చిన్నాయిన ఆఖరి ప్రాణం పోయింది. మళ్లీ మొదలుపెట్టడానికి పొద్దుంది గానీ ఆయన పెట్టలేదు. లేచి, రోడ్డు దాటి, గుంపు వెనక వచ్చి నిలబడ్డాడు. పరదా సందులోంచి నాకు ఆయన ముఖం కనిపించింది.

మాకూ ఒక్క ప్రాణమే మిగిలింది. తెర మీద ఇంత పెద్ద ఇనుప రాక్షసుడు వచ్చి నిలబడ్డాడు. నా దోస్తు కళ్లు టీవీ మీంచి తిప్పకుండా, చాలా మెల్లగా, “ఆపమంటవా? ఒక్క తప్పు చేస్తే ఒడుస్తది. మీ చిన్నాయినకు ఇంకో మోకా ఉంటది,” అంది. ఆమె నిజంగానే అడిగింది. నేను ఊ అంటే ఆపేదే. నాకు చిన్నాయిన ముఖం కనిపిస్తూనే ఉంది. కానీ ఆ ముఖంలో నాకు ఓటమి కనిపించలేదు. ఆయన కళ్లు పెద్దవి చేసి, మెడ సాచి, ముందున్న మనిషి భుజం మీద చెయ్యేసుకుని, తర్వాత ఏమవుతుందా అని చూస్తున్నాడు. “ఆడవే,” అన్నాను.

ఆడింది. రాక్షసుడు ముక్కలు ముక్కలై రాలాడు. జనం అరవబోయి ఆగిపోయారు. తెర అంతా నల్లబడి, ఒక పాట లాంటిది మొదలై, కింది నుంచి పేర్లు పైకి లేవసాగాయి. ఒకటి వెనక ఒకటి, ఎక్కడివో, ఎవరివో. ఆ పేర్లు ఏమిటని ఎవరో అడిగితే, పరదా వెనక నుంచే నా దోస్తు, ఇది చేసినోళ్ల పేర్లని చెప్పి, నోరు తిరిగినంత వరకు ఒక్కొక్కటే పైకి చదివింది. బొమ్మలు గీసినోళ్లు, పాట కట్టినోళ్లు, ఇంకా ఎవరెవరో. కంపెనీ అంటే గల్లా దగ్గర కూర్చున్న ఒక్క మనిషి అన్నట్టే ఊహించుకున్నాం అన్నాళ్లూ. గింతమంది కూర్చుని దీన్ని చేశారా అని ఒక్కసారిగా తట్టేసరికి, కొందరు తల మీద రుమాళ్లు తీసేశారు.

పేర్లు అయిపోయాక ఎవరు ఆడారని అందరూ అడిగారు. చాచా పరదా వైపు చూసి తటపటాయించాడు. ఆమే తల మీద దుపట్టా సరిచేసుకుని, మీట చేతిలోనే పట్టుకుని బయటికి వచ్చింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆనాడు ఆ ప్రశ్న అడిగిన ముసలి రైతు ముందుకు వచ్చి, “సూపెట్టినవు బిడ్డా,” అని మాత్రం అన్నాడు. ఆమె ఏడ్చేసింది. చిన్నాయిన గుంపును తోసుకుంటూ వచ్చి చాచా చేయి పట్టుకుని, “నీ బిడ్డ గెలిచింది. డబ్బా మూసుకుంట,” అన్నాడు. “ఏం శర్తు భాయ్, మనం ఇద్దరం చూసినం గద, గది చాలదా?” అని చాచా ఎంత బతిమాలినా చిన్నాయిన మాట తప్పలేదు. తెల్ల డబ్బా మా ఇంటికి వచ్చింది. మా అవ్వ మధ్యాహ్నాలు దానితో ఆడి, గుంతలో పడ్డ ప్రతిసారీ బొమ్మను పేరు పెట్టి తిట్టేది. దుకాణంలో చిన్నాయిన టెలిఫోన్ బూత్ పెట్టాడు, బాగానే నడిచింది. పందెం మర్నాడు పొద్దున్నే చాయ్ మాత్రం చాచా తానే పట్టుకొచ్చాడు.

నల్ల డబ్బా కూడా ఎక్కువ కాలం నిలవలేదు. మూడో కంపెనీ ఒకటి ఎక్కడి నుంచో వచ్చి ఆ రెంటినీ పక్కకు నెట్టింది. నా దోస్తు పెళ్లి చేసుకుని నల్గొండలో స్థిరపడి, ఇప్పటికీ పిల్లలకు లెక్కలు చెబుతోంది. చిన్నాయినా చాచా ఇద్దరూ ఇప్పుడు లేరు.

ఇవాళ ఏ ఆట చివర ఏముందో మొదలుపెట్టకముందే ఫోనులో చూసేయవచ్చు, చూస్తున్నారు కూడా. మంచిదే, ఎవరూ ఎక్కడా ఆగిపోనక్కర్లేదు. కానీ ఒడుస్తుందో ఒడవదో ఎవరికీ తెలియని దాని ముందు, ఓడిన వాళ్లమూ గెలిచిన వాళ్లమూ పక్కపక్కన నిలబడి, నోరు తెరుచుకుని చూసిన మధ్యాహ్నం ఒకటి మాకు దక్కింది. అంతమందిమి కలిసి ఆశ్చర్యపోవడం మళ్లీ నాకు ఎక్కడా దొరకలేదు.