స్కానర్‌కు చిక్కిన కుట్టు

చివరి రోజు పొద్దున నా భార్య టీ పెట్టింది, చిరిగిన చీర అంచు కుట్టుకుంది. మధ్యాహ్నం జగిత్యాల ఆసుపత్రిలో పోయింది. అదే అంచుతో కొత్త చీర కావాలని మా బిడ్డ అడిగింది. ఈ రోజు మా ఆవిడ కుట్టుకున్న ఆ పాత చీర పట్టుకుని సిరిసిల్లలో మరమగ్గాల డిజైనర్ దగ్గరికి వెళ్లాను.

అతను అంచును స్కానర్ అద్దం మీద పరిచాడు. కాసేపటికి కంప్యూటర్ తెర నిండా గళ్లు, ఒక్కో గడికి ఒక్కో దారం. మధ్యలో ఆమె కుట్టు.

"గిది తప్పు వడ్డది సార్, తీసేస్తున్న."

"ఉండనియ్యి తమ్మీ. మా ఇంటామె కుట్టింది."

"మగ్గానికేం తెలుస్తది సార్! చీర పొడుగంత గదే నేస్తది."

"నెయ్యనీ."

ఆమె చేతి కుట్టు అద్దం గుండా లోపలికి పోయి, మగ్గం మీద దారాలై బయటికి వస్తుందట. ఆ వింత నుంచి నేనింకా తేరుకోలేదు. మీరైతే తీసేయమనేవారా?

రేపు పొద్దున మగ్గం పక్కన నిలబడటానికి మళ్లీ సిరిసిల్ల వెళ్తాను.