కళ్ళు మూయని శవాసనం

మా డ్రిల్ మిస్ పోయిన సోమవారం చనిపోయారు. కబురు ఆమె చెల్లెలు ఫోన్‌లో చెప్పింది. "అక్క తెల్లారుజామున పోయిందమ్మా, నిద్దర్లోనే" అని, "క్లాసోళ్ళకు నువ్వే చెప్పేస్తావా?" అంది. చెప్తానన్నాను. క్లాసు ఆగిపోయి నెలన్నర అయిందని ఆవిడకు తెలియదు. మిస్‌కూ తెలియదనే అనుకున్నాను. ఆమె పోవడానికి నాలుగు రోజుల ముందు, ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన కూర్చుని, క్లాసు రోజూ నడుపుతున్నానని నేనే అబద్ధం చెప్పాను కనుక.

బళ్ళో ముప్పయ్యేళ్ళు ఆమెను అందరూ డ్రిల్ మిస్ అనే పిలిచారు. రిటైరయ్యాక చింతాద్రిపేటలో, మా వీధి చివరి పాత నేతపనివాళ్ళ సంఘం గదిలో యోగా నేర్పుతున్నప్పుడు కూడా అదే పేరు. ఇక్కడా అలాగే రాస్తాను.

నేను ఆమెను మొదట చూసింది కాన్వెంటులో. చీర కింద తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో విజిల్. నేను ఏడో తరగతిలో ఉండగా, పిల్లలకు యోగా కూడా నేర్పాలని బళ్ళో నిర్ణయించి, ఆమెను పది రోజుల ట్రైనింగుకు పంపారు. తిరిగొచ్చి, డ్రిల్లు నేర్పినట్టే యోగా నేర్పారు. చేతులు చాచి దూరం కొలుచుకుని చాపలు పరిచాం. వన్ అంటే కూర్చోవాలి, టూ అంటే పడుకోవాలి, త్రీ అంటే కళ్ళు మూసుకోవాలి. ఐదు నిమిషాలయ్యాక, మమ్మల్ని లేపడానికి, ఏళ్ళ తరబడి అలవాటు కొద్దీ, విజిల్ ఊదారు. నా పక్కనున్న అమ్మాయి ఏడ్చేసింది. ఇద్దరు సిస్టర్లు వరండాలోకి పరుగెత్తుకొచ్చారు. మర్నాటి నుంచి ఆమె విజిల్ తీసేసి, వేలి కణుపుతో గోడ మీద మెల్లగా తట్టేవారు.

ఆ రోజు ఉలిక్కిపడనిది నేనొక్కదాన్నే. ఆమె విజిల్ నోట్లో పెట్టుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. కళ్ళు మూసుకోవడం నాకు అప్పుడూ రాదు.

చదువు అయ్యాక ఒక బళ్ళో పాఠం చెప్పే ఉద్యోగంలో చేరాను. మూడు రోజులు వెళ్ళాను. నలభైమంది పిల్లలు నా వైపు చూస్తుంటే గొంతులో నుంచి మాట రాలేదు. నాలుగో రోజు బస్టాండు నుంచే ఇంటికి తిరిగి వచ్చేశాను. అప్పటి నుంచి ఇంట్లోనే ఉండి పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దుతున్నాను. పని తేలికే. మనసే కుదురుగా ఉండదు. ఫోన్ మోగితే దడ. అమ్మ రావడం పది నిమిషాలు ఆలస్యమైతే దడ. డాక్టరు మాత్రలు రాసిచ్చి, వాటితో పాటు యోగా కూడా చేయమన్నారు. ఫోన్‌లో వీడియోలు చూశాను. మనసును ఖాళీ చేయండి అని ఒక మెత్తటి గొంతు చెప్పేది. ఆ మాట వినగానే నా మనసులోకి లేనివి కూడా వచ్చి చేరేవి.

చివరికి అమ్మే నన్ను సంఘం గదికి తీసుకెళ్ళింది. మిస్ నన్ను ఎగాదిగా చూశారు.

"మూల బెంచీలో పుస్తకం దాచుకోని చదివే పాప గదా నువ్వు? రా మే. ఈడ బూట్లు అక్కర్లేదు."

మొదటి రోజు ఆసనాలన్నీ బాగానే వేశాను. చివర్లో శవాసనం అన్నప్పుడు కళ్ళు మూశాను. గుండె పరుగెత్తింది. లేచి కూర్చున్నాను. అందరూ వెళ్ళాక ఆమె అడిగారు.

"ఏమైంది?"

"కళ్ళు మూసుకుంటే ఏదో జరిగిపోతుందనిపిస్తుంది మిస్."

"ఏం జరుగుతుంది?"

"తెలియదు."

ఆమె నవ్వలేదు. ఊపిరి మీద ధ్యాస పెట్టమనీ చెప్పలేదు.

"సెరి. రేపట్నించి నువ్వు మూసుకోవద్దు. అందురూ కండ్లు మూసుకుంటే వాకిట్లో చెప్పులు ఎవురు చూస్తారు? నువ్వు కాపలా కూచో."

మర్నాడు ఈ సంగతి అందరికీ చెప్పారు. మా వీధిలో ఇడ్లీ అంగడి నడిపే అక్క వెంటనే అందుకుంది. "నావి కొత్త చెప్పులు మిస్. జాస్తి జాగర్తగా చూడమను."

"నీ సైజు చెప్పులు ఎత్తుకపోయి వాడేం జేసుకుంటాడు మే? పడుకో."

అలా రోజూ శవాసనం వేళకు గడప దగ్గర కూర్చునేదాన్ని. చెప్పుల్ని ఎంతసేపని చూస్తాం? మనుషుల్ని చూడడం మొదలుపెట్టాను. ఒకప్పుడు అచ్చాఫీసులో అక్షరాలు కూర్చిన తాత ఒకాయన వచ్చేవారు. ఆయనను అందరం ప్రెస్సు తాత అంటాం. ఆయన ఊపిరి కాసేపు ఆగిపోయి, మళ్ళీ పాత మిషను కదిలినట్టు కదిలేది. అది కదిలేదాకా నేను ఎదురుచూసేదాన్ని. ఇడ్లీ అక్క చేతులు పొట్ట మీద పెట్టుకుని పడుకునేది. ఆ చేతులు లేచి దిగుతుంటే నేను లెక్కపెట్టేదాన్ని. మూడు వారాలయ్యాక ఒక రోజు, ఆ లెక్కతో పాటే నా ఊపిరి కూడా నడుస్తోందని గమనించాను. గుండె దడ లేదు. ఎప్పుడు తగ్గిందో తెలియదు.

మిస్‌తో చెప్పాను. ఆమె ఫ్లాస్కు మూతలో కాఫీ పోసుకుంటూ, "మనసు ఊరికే కూచోమంటే కూచోదు. పని చెప్తే కూచుంటుంది" అన్నారు.

రోజూ గడప దాటగానే ఆమె నన్ను ఒకటే అడిగేవారు. "ఈ పొద్దు తల ఎట్లుంది? గాలా, వానా?" గాలి అంటే లోపల పరుగులాట. ఆ రోజు నా చేత అన్నీ నిలబడి చేసే ఆసనాలే, చెమట పట్టేదాకా చేయించేవారు. వాన అంటే దిగులు. ఆ రోజు గోడకు కాళ్ళు ఆనించి పడుకోమనేవారు. గాలి రోజున కదలకుండా కూర్చోమని ఆమె నన్ను ఒక్కసారీ అనలేదు. ఈ వర్గీకరణ ట్రైనింగులో నేర్పారో, ఆమె సొంతమో అడగలేదు.

క్లాసు మొదలయ్యే ముందు ఆమె అర నిమిషం తల వంచి ప్రార్థన చేసుకునేవారు. ఇడ్లీ అక్క ఒకసారి ఉండబట్టలేక అడిగింది. "మీ సామి ఇదంతా ఒప్పుకుంటాడా మిస్?"

"ఆయన మోకాళ్ళేసి ప్రార్థించమంటాడు. మోకాలు వంగితే గదా మే, వేసేది."

ఏడాదిన్నర కిందట ఆమె పరీక్షల కోసం ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చింది. గది తాళంచెవి నాకిచ్చి, "తలుపు తియ్యి చాలు. మిగతాది వాళ్ళే చేసుకుంటారు" అన్నారు. మర్నాడు నేను వెళ్ళలేదు. స్నానం చేశాను, బట్టలు మార్చుకున్నాను, మా ఇంటి తలుపు వెనక తాళంచెవి పట్టుకుని నిలబడ్డాను. అందరూ నా వైపు చూస్తారు. ఏమైనా చెప్పమంటారు. అక్కడి నుంచి కదల్లేకపోయాను. వాళ్ళు అరగంట వీధిలో నిలబడి వెళ్ళిపోయారట.

ఆ సాయంత్రం మిస్ మా ఇంటికి వచ్చారు. నేను తాళంచెవి చాచాను. ఆమె తీసుకోలేదు. అమ్మ ఇచ్చిన కాఫీ తాగడం పూర్తిచేశారు.

"నేను శవాసనంలో పండుకోంగా నువ్వు ఎప్పుడన్నా చూసినావా?"

ఆలోచించాను. చూడలేదు. ఆమె ఎప్పుడూ నిలబడే ఉండేవారు.

"నాకూ రాదు మే. కండ్లు మూస్తే మా ఆయన పోయిన దినం వచ్చి నిలబడతాది. అందుకే ఇన్నేండ్లూ మీకు కాపలా ఉండే మాదిరి నిలబడేది." గ్లాసు కింద పెట్టారు. "రేపు నువ్వు చెప్పు. ఒక్క దినమన్నా నేను పండుకోవాల."

ఆ రాత్రి, శవాసనంలో పాదాల నుంచి నుదుటి దాకా ఒళ్ళు వదులు చేయమని చెప్పే మాటలన్నీ ఒక అట్టముక్క మీద రాసుకున్నాను. పొద్దున ఆసనాలు ఆమె చేయించారు. తర్వాత కిటికీ పక్క చాప పరుచుకుని పడుకున్నారు. నేను అట్టముక్క చూసి చదివాను.

"ఏమీ ఇనపడలా" అన్నారు ప్రెస్సు తాత.

"ఇనపడకపోతే ఇంగా బాగా నిద్దరపడతాది. పండుకో అన్నా" అన్నారు మిస్, కళ్ళు మూసుకునే.

కాసేపటికి గురక వినిపించింది. ఆమెదే. పడుకున్నవాళ్ళ పొట్టలు నవ్వుతో కదిలాయి. గోడ మీద తట్టి లేపాల్సిన సమయం దాటిపోయింది. నేను తట్టలేదు. ఆ రోజు ఇడ్లీ అంగడి ఇరవై నిమిషాలు ఆలస్యంగా తెరిచారు.

ఏడాది పైగా అలాగే సాగింది. ఆసనాలు ఆమె, చివరి పది నిమిషాలు నేను. నాకు గొంతు వచ్చిందని అందరూ అనుకున్నారు. నిజానికి ఆమె అక్కడ పడుకుని ఉండడం వల్లే నేను చదవగలిగాను. ఆమె ఆసుపత్రిలో చేరగానే, ఈ వారం క్లాసు లేదని మా క్లాసు ఫోన్ గ్రూపులో రాశాను. మరుసటి వారమూ రాశాను. ఆ తర్వాత రాయడం కూడా మానేశాను.

ఆమె పోవడానికి ముందటి గురువారం మధ్యాహ్నం ఆమెను చూడ్డానికి వెళ్ళాను. చాలా చిక్కిపోయారు.

"హాలు తెరస్తా ఉండావా?"

"తెరుస్తున్నాను మిస్."

ఆమె నన్నే చూశారు. "ఎంతమంది వస్తా ఉండారు?"

"తొమ్మిదిమంది."

"ప్రెస్సు అన్న మోకాలు వంగుతా ఉందా?"

"పూర్తిగా వంగడం లేదు. కుర్చీ పట్టుకుని చేయమన్నాను."

"మంచి పని చేసినావు. ఇడ్లీ పాప?"

"మాట్లాడుతూనే చేస్తోంది."

ఆమె నవ్వారు. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక, "కడాన ఏం చెప్తా ఉండావు? చెప్పు, ఇంటాను" అన్నారు.

నా దగ్గర అట్టముక్క లేదు. పక్క మంచం దగ్గర ఎవరో ఫోన్‌లో మాట్లాడుతున్నారు. నర్సు బండి తోసుకుంటూ పోయింది. పాదాల నుంచి మొదలుపెట్టాను. మోకాళ్ళు, నడుము, భుజాలు, దవడ, నుదురు. ఆమె కళ్ళు మూసుకున్నారు. అయిపోయాక కూడా తెరవలేదు. నిద్రపోయారనుకుని మెల్లగా లేచాను.

"ఇప్పుడు రెండో వరసకు ఇనపడతాది" అన్నారు, కళ్ళు తెరవకుండానే.

మంగళవారం సమాధుల తోటలో అంతా అయిపోయాక, ఇడ్లీ అక్క నా పక్కకు వచ్చి నిలబడింది. ముక్కు తుడుచుకుంటూ అంది. "మొన్నటిది కాదు, దానికి ముందు ఆదివారం ఆస్పత్రికి పోయి చూసినా పాపా. క్లాసు లేదు, నాకు నడుము పట్టేసింది, ఆ పిల్ల తలుపే తియ్యలా అని సాడీలు చెప్పినా. అట్ల చెప్పకుండా ఉండాల్సింది."

"మిస్ ఏమన్నారు?"

"'తెరస్తాది మే, నీకేం అర్జెంటు' అన్నింది."

నేను వెళ్ళింది ఆ తర్వాతి గురువారం. ఆమె అడిగిన ప్రశ్నలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. ఆమె ఒక్క ప్రశ్నలోనూ నన్ను పట్టుకోవాలని చూడలేదు. జరగని క్లాసును నేను నడుపుతుంటే, పక్కనుండి నడిపించారు.

ఇంటికి వచ్చి గ్రూపులో రాశాను, గురువారం ఆరింటికి గది తెరుస్తానని.

గురువారం గాలి రోజు. ముందే వెళ్ళి, తలుపు తెరిచి, గది ఊడ్చి, చాపలు దులిపాను. తొమ్మిదిమంది అని చెప్పాను. వచ్చింది ఏడుగురు. ప్రెస్సు తాత మోకాలు బొత్తిగా వంగలేదు. మూలనున్న కుర్చీ తెచ్చి ఆయన ముందు వేశాను. ఇడ్లీ అక్క ఆ రోజు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేను రెండు ఆసనాల వరస తప్పాను.

అందరూ పడుకున్నారు. వీధి పక్క వంతెన మీద రైలు పోయేదాకా ఆగి, పాదాల నుంచి మొదలుపెట్టాను. ఏడు జతల పాదాలు నా వైపే ఉన్నాయి, వేళ్ళు పైకప్పు వైపు నిక్కి. ఒళ్ళు నిజంగా వదిలితే పాదం దానంతటదే పక్కకు వాలుతుంది. మొదట తాతవి వాలాయి. తర్వాత గోడవైపు ఉన్న ఇద్దరివి. అలా ఒక్కొక్కటే వాలుతూ వచ్చి, ఇడ్లీ అక్క ఎడమ పాదం ఒక్కటి మిగిలింది, మడమ పగుళ్ళలో పిండి తెల్లగా ఎండి, ఇంకా నిటారుగా. నేను గొంతు కొంచెం తగ్గించి, పాదాల దగ్గరి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.