నాన్నగారి బ్రేకులు, అమ్మ విశ్వాసం

అరవైల్లో మాట. మచిలీపట్నం దగ్గర గూడూరు పక్క పల్లెలో మా నాన్నగారు పాస్టరు. ఆయన పాత మోటారు సైకిలుకు బ్రేకులు సరిగా పట్టడం లేదని అమ్మ వెనక ఎక్కేది కాదు. ఓ రోజు వాన వెలిశాక నాన్నగారు వెనక చక్రం దగ్గర బ్రేకు నట్టు బిగించి, చక్రం పట్టేయకుండా మళ్లీ కాస్త వదులు చేసి, చక్రం చేత్తో తిప్పి చూసుకున్నారు.

"కాలవ గట్టున నిలబడు సుగుణా, సరిగ్గా నీ ముందు ఆపుతాను" అన్నారు అమ్మతో.

బండి వేగంగా వచ్చింది. బ్రేకు వేసినా బురదలో జారుతూనే ఉంది. పక్కనుంచి చూస్తున్న నేను భయంతో కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి చక్రం అమ్మ కుచ్చిళ్లకు జానెడు దూరంలో ఆగి ఉంది. అమ్మ అడుగైనా కదల్లేదు.

నాన్నగారు పొంగిపోయారు. గుడివాడ దాకా ఏ చర్చిలో విశ్వాసం గురించి ప్రసంగించినా ఇదే ఉదాహరణ చెప్పేవారు.

ఆయన పోయాక అమ్మని అడిగాను, అప్పుడు భయం వెయ్యలేదా అని.

"పారిపోదామనే చూశానే. నల్లమట్టిలో దిగబడిపోయి కాళ్లు ఊడి రాలేదు."

"మరి నాన్నగారికి చెప్పలేదేం?"

"చెబుదామనుకునేలోపే ఆదివారం వచ్చింది, ప్రసంగంలో చెప్పేశారు."

అన్నేళ్లూ ముందు వరసలో కూర్చుని ఆ ప్రసంగం విన్న అమ్మ ఒక్కసారైనా నవ్వలేదు. అసలు ధైర్యం అదేననిపిస్తుంది నాకు.