చొక్కా జేబులో మాత్ర

భార్య లొసలీనికి కీమో ఎక్కించే రోజున అపిసాయి గడియారం మీంచి చూపు తిప్పడు. వాంతులు రాకుండా గంట ముందు వేయాల్సిన మాత్రను అగ్గిపెట్టెలో పెట్టి చొక్కా జేబులో మోసుకొస్తాడు. ఇవాళ ఆ పెట్టె తెరుస్తుండగా పక్క మంచం ముసలాయన కూతురు చెయ్యి చాపింది.

"కెరెకెరె, అన్నా! మా నాన్నకూ ఇవాళే కీమో, వాంతుల మాత్రలు అయిపోయాయి."

కెరెకెరె అని అడిగాక లేదనడం ఫిజీలో పుట్టినవాడికి చేతకాదు. అయినా ఉన్నది ఒక్కటే. అతను భార్య వైపు చూశాడు.

"నా మొహమేం చూస్తావ్, ఇచ్చెయ్," అంది లొసలీని.

మధ్యాహ్నానికి అతను ఒక చేత్తో ఆమె గడ్డం కింద బేసిన్ పట్టుకుని, మరో చేత్తో వీపు రాస్తున్నాడు. వాంతులు ఆగడం లేదు. పక్కన ముసలాయన కర్రపెండలం, చేప తింటూ మర్యాద మరవకుండా పిలిచాడు.

"రామ్మా, తిందువుగాని!"

లొసలీని బేసిన్‌లోంచి తలెత్తి, మూతి తుడుచుకుని నవ్వింది.

"మీరు తినండి తాతా, నా కడుపు నిండింది."