తార్నాకలో నా మీద పడిన రెండు సెకన్లు

పడిపోని కోన్‌కు నాకు రెండు సెకన్ల శిక్ష వేశారు. నా కారు దానికి రాసుకుని పోయిన మాట నిజం. అది ఊగింది, మళ్లీ నిలబడింది. అద్దంలో నా కళ్లతో చూశాను. శిక్ష వేసినవాళ్లు కోన్ కింద సుద్ద గీత చూసి వేశారా, చూడకుండా వేశారా అని అడిగాను. పందొమ్మిది రోజులు ఎవరూ చెప్పలేదు.

మొదటినుంచి చెబుతాను. నా వయసువాళ్లు ఎవరైనా ఈ ప్రయాణం పెట్టుకుంటే దారి తెలియాలి, అక్కడి పద్ధతులూ తెలియాలి.

మాది భువనగిరి. నాకు అరవై ఏడేళ్లు. ఐదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత చదివిందంతా లారీ క్యాబిన్‌లో కూర్చుని, లోడు దిగేలోపు చదివిందే. నలభై ఏళ్లు లారీ నడిపాను. నిరుడు వానాకాలంలో బీబీనగర్ దాటాక నా చిన్న కారు తడి రోడ్డు మీద అడ్డం తిరిగింది. పక్కన నా భార్య యాదమ్మ ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ కారు జారుతున్న ఆ కాసేపట్లో చేతులతో ఏం చేయాలో, కాళ్లతో ఏం చేయాలో నాకు తెలియదని నాకు తెలిసిపోయింది. యాదమ్మకూ తెలిసిపోయింది. అప్పటినుంచి ఆమె నా కారెక్కదు. ఏ పెళ్లికి పోవాలన్నా తను బస్సులో వెళ్తుంది. నేను ఆ బస్సు వెనకే ఖాళీ కారు నడుపుకుంటూ వెళ్తాను.

నేర్చుకుందామని పుస్తకాలు తెప్పించాను, ఫోన్‌లో వెతికాను. హైదరాబాద్‌లో ఒక కారు క్లబ్బు తార్నాక పక్కన యూనివర్సిటీ క్యాంపస్‌లో ఖాళీ స్థలం తీసుకుని ఆటోక్రాస్ అనే కార్ల పోటీ పెడుతోందని తెలిసింది. రోడ్డు పనుల దగ్గర పెట్టే ప్లాస్టిక్ కోన్లు నిలబెట్టి వంకరటింకర దారి చేస్తారు. ఒకసారికి ఒక్క కారే వెళ్తుంది. పోటీ పక్కవాడితో కాదు, గడియారంతో. కొత్తవాళ్లు మూడు అవకాశాల్లో ఒక్కసారైనా అరవై ఎనిమిది సెకన్లలోపు తిరిగితే చీటీ ఇస్తారు. ఆ చీటీ ఉన్నవాళ్లనే వచ్చే నెల అసలు ట్రాక్ మీదికి రానిస్తారు. అక్కడ తడిపిన నేల మీద కారును కావాలని జారించి, మళ్లీ దారికి తెచ్చుకోవడం నేర్పుతారు. నాకు కావలసింది ఆ పాఠం. దానికి కావలసింది ఆ చీటీ.

నా కారు పాతది, తనిఖీలో నిలవదన్నారు. అయితే ఒక కారును ఇద్దరు పంచుకోవచ్చట. మౌనిక అనే అమ్మాయి తన కారు ఇస్తానంది. విద్యానగర్‌లో ఉంటుంది, ఏదో కంపెనీలో ఇంజనీరు. నేనెవరో తెలియకుండానే ఇచ్చింది. ఆ మంచితనం నేను మరచిపోలేదు. తర్వాత జరిగిందీ మరచిపోలేదు.

ఆదివారం తెల్లవారి ఐదుంబావుకు బస్సెక్కాను. సంచిలో టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, క్లబ్బు రూలు పుస్తకం. హెల్మెట్ సంచిలో పట్టక ఒళ్లో పెట్టుకున్నాను. పక్క సీట్లో ఉప్పల్‌కు ఆకుకూరలు తీసుకుపోతున్న ఒకావిడ ఘట్‌కేసర్ దాకా దాన్నే చూసి, ఇక ఆగలేక అడిగింది.

"ఏంది అన్నా, హెల్మెట్ ఒడిల వెట్టుకొని బస్సెక్కినవ్? డ్రైవర్ మీద గంత నమ్మకం లేదా?"

బస్సులో సగంమంది నవ్వారు. డ్రైవర్ కూడా అద్దంలోంచి చూశాడు. కార్ల పోటీకి పోతున్నానని చెప్పాను. "కారు యాడున్నదే మరి?" అంది. ఆ కథంతా చెప్పేలోపు ఉప్పల్ వచ్చింది.

ఆదివారం మెట్రో పొద్దెక్కాక గానీ మొదలు కాదు. ఈ సంగతి వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాలి. కింద టీ తాగి, రూలు పుస్తకం ఇంకోసారి చదివి, మొదటి బండి అందుకున్నాను. తార్నాకలో దిగేసరికి ఏడుంబావు. స్టేషన్ మెట్ల కింద నాలుగు ఇడ్లీ తిన్నాను. చట్నీ పలచన, కారప్పొడి బాగుంది. టిఫిన్ డబ్బా మధ్యాహ్నానికి ఉంచుకున్నాను.

అక్కడినుంచి ఆటో. ఈ క్యాంపస్ నాకు కొత్త కాదు. ఇరవై రెండేళ్ల వయసులో హాస్టల్ మెస్‌లకు బియ్యం లోడు తెచ్చేవాణ్ని. అప్పుడు ఈ రోడ్ల మీద లారీ ఎదురుగా ఏ బండీ వచ్చేది కాదు. బస్తాలు దిగేదాకా చెట్టు నీడలో విద్యార్థులు పారేసిన గైడు పుస్తకాలు చదివేవాణ్ని. ఇప్పుడు ఆటో అతను ప్రతి మలుపులో ఫోన్ మ్యాపు చూస్తున్నాడు. "కుడికి తిప్పు బాబూ, దారి నాకు తెలుసు," అంటే, "మ్యాపు ఎడమ అంటున్నది కాకా," అన్నాడు. నేను చెప్పిందే నిజమైంది.

ఎనిమిదింటికి అందరూ చేరారు. పాతిక దాకా కార్లు. ముందుగా కాలినడకన దారంతా తిరగాలి. అది అక్కడి ఆచారం. మౌనిక నా పక్కన నడుస్తూ చెప్పింది.

"అంకుల్, మీరు కోన్ దిక్కు చూస్తే కారు కోన్ మీదికే పోతది. దాని అవతల ఎటు పోవాల్నో గటు చూడుండ్రి."

ఈ ముక్క నా పుస్తకాల్లో ఉంది. కానీ నడుస్తూ వింటే వేరుగా ఉంది.

"బ్రేక్ ఎట్ల నొక్కుతరు మీరు?" అని అడిగింది.

"కొట్టి కొట్టి వదులుతాను. లారీ అలవాటు."

"అయ్యో, గట్ల వద్దు. మలుపుల దిగేటప్పుడు మెల్లగ, పాలు పొంగినప్పుడు స్టవ్ తగ్గించినట్టు వదలాలె."

"మా ఇంట్లో ఆ పని యాదమ్మది," అన్నాను. పకపకా నవ్వింది.

ఇప్పుడు కోన్ సంగతి చెప్పాలి, లేకపోతే నా గోడు అర్థం కాదు. ప్రతి కోన్ పాదం చుట్టూ సుద్దతో చతురస్రం గీస్తారు. కారు తగిలి కోన్ పడిపోయినా, నిలబడే ఉండి పూర్తిగా గీత బయటికి జరిగినా రెండు సెకన్లు కలుపుతారు. నిలబడి ఉండి, పాదం కొంచెమైనా గీతను అంటుకుని ఉంటే తప్పు లేదు. ఇది చూడడానికి వేరే మనుషులు ఉండరు. సగంమంది నడుపుతుంటే మిగతా సగం ఎండలో కోన్ల దగ్గర నిలబడతారు. వాళ్లను మార్షల్స్ అంటారు. తప్పైతే ఎర్రజెండా ఎత్తాలి, కాకపోతే రెండు చేతులూ చాపాలి. ముందు గీత చూడాలి, తర్వాతే కోన్ ముట్టుకోవాలి. పుస్తకం నాలుగో పేజీలో ఉంది. సందేహముంటే లాభం డ్రైవర్‌కు అని కూడా అక్కడే ఉంది.

మొదటి సగంలో మౌనిక నడిపింది, నేను మార్షల్. ఆమె రెండోసారి వచ్చినప్పుడు నా ముందున్న కోన్‌కు వెనక చక్రం తగిలింది. కోన్ జానెడు జరిగి నిలబడింది. నేను పరుగెత్తుకెళ్లి మోకాళ్ల మీద కూర్చుని చూశాను. పాదం అంచు గీత మీద ఉంది. చేతులు చాపి, ఆ తర్వాతే కోన్ జరిపాను. ఆమె నాకు కారు ఇచ్చిందని చాపలేదు. గీత చెప్పింది, నేను చూపించాను. ఆమెకు యాభై తొమ్మిది సెకన్లు వచ్చింది.

పదకొండున్నరకు మేం చోట్లు మారాం. కారు నాకిచ్చి ఆమె జెండా పట్టుకుంది.

మొదటిసారి నాలుగో మలుపు తర్వాత దారి తప్పి కోన్ల మధ్య పొలంలో గేదెలా నిలబడిపోయాను. లెక్కలోకి రాలేదు. రెండోసారి కోన్లన్నీ భద్రం, డెబ్భై మూడు సెకన్లు. మూడోసారి కళ్లు దూరానికి పెట్టాను. చెబితే నమ్మరు, దారి తనంతట తానే విప్పుకుంటూ వచ్చింది. చివరి మలుపులో కారు వెనకభాగం కొంచెం బయటికి జరిగి ఎడమవైపు కోన్‌కు రాసుకుంది. అద్దంలో చూశాను. ఊగింది, నిలబడింది. గడియారం అరవై ఆరు పాయింట్ ఎనిమిది. హెల్మెట్‌లోనే గట్టిగా అరిచాను.

కారు దిగి వెనక్కి చూస్తే మౌనిక చేతిలో ఎర్రజెండా లేచి ఉంది. కోన్ మటుకు గీత మధ్యలో బుద్ధిగా నిలబడి ఉంది. ఆమె అప్పటికే సరిచేసి పెట్టేసింది.

అరవై ఎనిమిది పాయింట్ ఎనిమిది అని బోర్డు మీద రాశారు. చీటీ లేదు.

క్లబ్బు పెద్ద ప్రసాద్ గారి దగ్గరికి వెళ్లాను. నల్లకుంటలో స్థిరపడిన గుంటూరు మనిషి, మర్యాదస్తుడు.

"నర్సింహ గారూ, ఏమీ అనుకోకండి. మార్షల్ జెండా ఎత్తాక నేను చేసేదేం లేదండి."

"గీత చూసి ఎత్తిందా, చూడకుండా ఎత్తిందా? అదొక్కటి అడగండి."

"అలా అడిగితే ఆ అమ్మాయిని అబద్ధాలకోరు అన్నట్టుంటుందండి. మూడో అవకాశంలో అంత బాగా నడిపారు, సంతోషించండి."

నేను సంతోషించడానికి రాలేదు. మౌనికనే అడిగాను. చుట్టూ పదిమంది ఉన్నారు. "బయటికే వచ్చినట్టు అనిపించింది అంకుల్," అని నేల చూసింది. వెనకనుంచి ఒక కుర్రాడు, "పోనీ తియ్ తాతా, ఫార్ములా వన్‌కు పోయేదుండెనా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్ల కింద ఒక కాటా గుమాస్తా ముల్లు చూడకుండా లారీ బరువు రాస్తే, మళ్లీ తూచేదాకా బండిని కాటా మీదనుంచి దించలేదు నేను. ఇక్కడ మళ్లీ తూచడానికి ఏం మిగిలింది? కోన్ కదిపేశారు కదా.

కారు ఇచ్చినందుకు కృతజ్ఞత చెప్పి తాళం చెవి ఆమె చేతిలో పెట్టాను. టిఫిన్ డబ్బా తెరవకుండానే బయలుదేరాను.

మూడింటికి మెట్రో, మూడుంబావుకు ఉప్పల్, అక్కడినుంచి బస్సు. కిటికీ పక్క సీటు దొరికింది. కోపం ఘట్‌కేసర్ దాటినా దిగలేదు. కానీ దాని కింద ఇంకొకటి ఉంది, దాన్నీ రాయాలి. నలభై ఏళ్లలో బండి నా చేతికింద ఏం చేస్తోందో ఆ మూడోసారి తిరిగినంత స్పష్టంగా నాకెప్పుడూ తెలియలేదు. బస్సు డ్రైవర్ ప్రతి మలుపులో బ్రేక్ ఎక్కడ వదులుతున్నాడో నా అరికాలికి తెలుస్తూ ఉంది. వెళ్లదలచినవాళ్లు తప్పకుండా వెళ్లండి. రూలు పుస్తకం చదివి వెళ్లండి.

ఇంట్లో జరిగిందంతా చెబితే యాదమ్మ అన్నం వడ్డిస్తూ అంది: "రెండు రోజులల్ల వస్తనని లారీ మీద పోయి నాలుగు రోజులకు వచ్చెటోనివి. ఇప్పుడు రెండు సెకన్లకు ఇంత లొల్లా?"

"చీటీ వస్తే జారినప్పుడు ఏం చేయాలో నేర్పుతారు," అన్నాను. ఆమె ఎగతాళి మానేసి ఇంకాస్త అన్నం వడ్డించింది.

ఆ రాత్రే క్లబ్బుకు రాశాను. పాల్గొన్నందుకు ధన్యవాదాలని జవాబు. మళ్లీ రాశాను. మార్షల్ నిర్ణయమే తుది నిర్ణయమని జవాబు. మూడోసారి ఒక్క వాక్యమే రాశాను, మౌనికకు చూపించమన్నాను: కోన్ ముట్టుకునే ముందు గీత చూశావా అమ్మా?

పందొమ్మిదో రోజు పొద్దున నా ఫోన్‌కు ఆమె దగ్గరినుంచి మెసేజ్ వచ్చింది. ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను.

"అంకుల్, గీత చూడలే. కోన్ ఊగుడు చూసి జెండా ఎత్తిన, ఉరికొచ్చి చేత్తోని సక్కగ వెట్టిన. లోపటున్నదో బయటున్నదో నిజంగ నాకు తెల్వదు. ఆ రోజు అందరి ముందట చెప్పనీకి సిగ్గయింది. మీరు నా కోన్ దగ్గర మోకాళ్ల మీద కూసున్నది యాదికొచ్చి నిద్ర పట్టలే. నిన్న ప్రసాద్ సార్‌కు రాసిచ్చిన. రెండు సెకన్లు కొట్టేసిన్రు, చీటీ మీ పేరు మీద రాసిన్రు. ట్రాక్‌కు నా కారే తీస్కపోదాం. ఒకటి చెప్త, కోపం చేయకుండ్రి. ఆ మలుపుల మీరు బ్రేక్ మొత్తం ఒక్కసారే వదిలిన్రు, వెనక ఎర్రలైటు టక్కున ఆరింది, గందుకే కారు బయటికి జరిగింది. గీత చూడలే గాని, గది మాత్రం మంచిగ చూసిన."